మా వీధి నుంచి ప్రత్యక్ష ప్రసారం

పాల ప్యాకెట్టు కోసం గేటు తీశానో లేదో, నా ఎడమకాలి రబ్బరు చెప్పు నాకంటే ముందే వీధిలోకి బయలుదేరింది. నీళ్ల మీద తేలుతూ!

నడివేసవి. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే కాలనీ. అలాంటి చోట వీధి పొడుగునా నీళ్లు పారుతుంటే నాలోని విలేఖరి ఊరుకుంటాడా? 2000లో దక్షిణ కొరియాలో ‘ప్రతి పౌరుడూ విలేఖరే’ అంటూ ఓమైన్యూస్ అనే వార్తల వెబ్‌సైటు మొదలైందని చదివిన నాటినుంచి ఈయన నాలో మకాం పెట్టాడు. 2011 మే 2న, రాత్రి ఒంటిగంట వేళ హెలికాప్టర్ తిరుగుతోందని పాకిస్తాన్‌లోని అబ్బొట్టాబాద్‌లో ఒక ఐటీ కన్సల్టెంటు ట్విట్టర్‌లో రాశాడు. అది లాడెన్ మీద దాడి అని పాపం ఆయనకే తెలియదు. హెలికాప్టర్ లేకపోతేనేం, నాకు పైపులైను పగిలింది.

ఫోను నిలువుగా పట్టుకోవాలా, అడ్డంగానా అని తేల్చుకునేలోగా నా ముక్కుతో ప్రసారం మొదలైపోయింది. సర్దుకుని గొంతు పెంచాను. “ప్రజల నీళ్లు మురుగుకాలువ పాలవుతుంటే అధికారులు నిద్రపోతున్నారా?” చూస్తున్నవారు పద్నాలుగు మంది. ఎదురింటి లెక్కల మాస్టారు కింద రాశారు: “కెమెరా కాస్త పైకెత్తండి సార్.”

నా పనితనం మెచ్చారనుకుని ఎత్తాను. మా డాబా, దాని మీద మా ట్యాంకు, దాని గొట్టంలోంచి జలపాతం.

అదే క్షణాన వంటింటి కిటికీలోంచి మా ఆవిడ కేక. “ఏమండీ, నాలుగున్నరకు మోటారు వేశారు కదా, కట్టేశారా?”

అబ్బొట్టాబాద్ ఆయనకు ఊళ్లో జరుగుతున్నది తెలియలేదు. నాకు నా నెత్తిమీద జరుగుతున్నదే తెలియలేదు.

ప్రసారం ఆపుదామంటే తడివేళ్లకు ఫోను పలకదు. ఒంటి చెప్పుతో ఇంట్లోకి పరుగు, నాపరాళ్ల మీద జారడం, మోటారు స్విచ్చనుకుని కాలింగ్ బెల్లు నొక్కడం, అన్నీ ప్రజలకు చేరాయి. చూస్తున్నవారు నూట ముప్పై దాటారు. అధికారుల మీద అరిచినప్పుడు ఇంతమంది ఎందుకు రాలేదో!

వీడియో తీసేశాను. అప్పటికే ఎవరో పుణ్యాత్ముడు దాచుకున్నాడు.

సాయంత్రం వీధి చివరి ఇంటి కుర్రాడు కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. “ఈ ఎడమ చెప్పు ఎవరిది?”

నిమిషంలో పదకొండు మంది నా పేరు రాశారు.