పచ్చ గడిలో పవర్ ప్రెస్

హైదరాబాద్ బాలానగర్‌లో ఒక షెడ్డు. రేకు ముక్కలు కొట్టే పవర్ ప్రెస్ పక్కన గోడకి లామినేషన్ చేసిన కాగితం తగిలించారు. దాని పేరు రిస్క్ అసెస్‌మెంట్, అంటే ఏ పనిలో ఎంత ప్రమాదముందో మార్కులేసి చూపే పట్టిక. కాగితం ఇంగ్లీషులో ఉంది, ప్రెస్ ముందు కూర్చున్న కుర్రాడు ఒడిశా నుంచి వచ్చాడు. చెయ్యి నలిగే ప్రమాదం: తీవ్రత 4, అవకాశం 5, గుణిస్తే 20, ఎర్ర గడి. పక్కన "శిక్షణ ఇవ్వబడినది, గ్లవ్స్ ఇవ్వబడినవి". ఆ పక్కన తీవ్రత 4, అవకాశం 1, గుణిస్తే 4, పచ్చ గడి.

ఎరుపుకీ పచ్చకీ మధ్య ప్రెస్‌కి ఏం చేశారని అడుగుతారేమో. ఏమీ చెయ్యలేదు. నిన్న ఎలా కొట్టిందో ఇవాళా అలాగే కొడుతోంది. మారింది ఎక్సెల్‌లో రంగు. ఈ విద్య డాక్టర్లకి అబ్బితే షుగరు పేషెంట్లంతా ఒక్క పూటలో బాగుపడతారు.

ఇంత గొప్ప కార్యం ఎలా జరుగుతుందో చెప్పుకోవాలి. ఈ కాగితం రాసే కన్సల్టెంటుగారు షెడ్డులోకి రారు. అక్కడ మోత, పైగా చొక్కాకి ఆయిలు మరకలు. ఏసీ గదిలో ఆయన, ఓనరు, సూపర్‌వైజరు, మధ్యలో ల్యాప్‌టాపూ ఉస్మానియా బిస్కెట్లూ.

"చివర్లో అవకాశం ఎంత వేద్దాం సార్? మూడు?" అడిగారు కన్సల్టెంటుగారు.

"మూడేస్తే ఏమొస్తుంది?"

"పన్నెండు. పసుపు. పసుపొస్తే యాక్షన్ ప్లాన్ రాయాలి."

"అంటే?"

"ప్రెస్‌కి అడ్డుగా గార్డు పెట్టించాలి సార్."

"రెండెయ్యండి."

"ఎనిమిది. అదీ పసుపే సార్."

ఓనరుగారు బిస్కెట్టు టీలో ముంచి కాసేపు ఆలోచించారు. "ఇదివరకు ఎవరిదైనా వేలు పోయిందా?"

"రిజిస్టర్లో లేదు సార్" అన్నాడు సూపర్‌వైజరు.

నిజమే, ఉండదు. పోయిన వేలు కాంట్రాక్టరు మనిషిది. ఆ సాయంత్రానికల్లా మనిషే రిజిస్టర్లోంచి పోయాడు.

"అయితే ఒకటెయ్యండి."

పచ్చబడింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇదే ఫైల్లో ఏడో వరస చూడండి: "ఓడ డెక్కు మీద జారిపడే ప్రమాదం". బాలానగర్‌లో! ఏ రేవు పట్నంలో పుట్టిన కాగితమో, కాపీ పేస్టులో కొట్టుకొచ్చి ఇక్కడ తేలింది. దానికీ మార్కులు వేశారు. దానికీ గ్లవ్స్ ఇచ్చారు.

గ్లవ్స్ సంగతి వేరే చెప్పాలి. ఈ కాగితంలో ప్రతి రోగానికీ అదే మందు. డ్రిల్లింగ్ మెషీనుకి గ్లవ్స్, లేతుకి గ్లవ్స్. తిరిగే స్పిండిల్‌కి గ్లవ్ కొస అందితే చాలు, దాంతోపాటు చేతిని కూడా లాక్కుపోతుంది. చక్ కీ, అంటే ముక్కని బిగించే తాళం, చక్‌లో వదలొద్దు, లేతు మీద గ్లవ్స్ వేసుకోవద్దు, చొక్కా చేతులు మడుచుకో అని ఏ మేస్త్రీ అయినా కొత్త హెల్పర్‌కి మొదటి రోజే చెబుతాడు. ఆ మేస్త్రీని మాత్రం మీటింగుకి పిలవరు.

ఇంకో వరసలో ప్రెస్‌కి "లైట్ కర్టెన్ సూచించబడినది" అని ఉంది. చెయ్యి అడ్డొస్తే మెషీన్ని ఆపమనే కాంతి తెర అది. ఈ ప్రెస్సేమో పాత పిన్ క్లచ్ రకం. ఒకసారి క్లచ్ పడిందా, రామ్, అంటే రేకుని కొట్టే దిమ్మ, పూర్తిగా కిందికి దిగి మళ్లీ పైకి వచ్చాకే ఆగుతుంది, మధ్యలో దేవుడొచ్చినా ఆగదు. దానికి లైట్ కర్టెన్ పెడితే అది వేలు తెగడం చూడగలదు, ఆపలేదు. అలాంటి ప్రెస్‌కి కావాల్సింది డైలోకి, అంటే రేకుని కోసే అచ్చులోకి, వేలే దూరకుండా ముందు ఒక గార్డు. ఈ మాట 1948లోనే ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్లో రాశారు: ప్రమాదకరమైన భాగాలకి గట్టి రక్షణ ఉండాలి, అవి కదులుతున్నంతసేపూ ఆ రక్షణ అక్కడే ఉండాలి. శిక్షణ ఇస్తే గార్డు అక్కర్లేదని రాయలేదు.

అసలు గార్డంటే ఏమిటి? నాలుగు రేకులు, కాస్త వెల్డింగు, ఒక పూట పని. పొద్దుణ్ణుంచీ రాత్రిదాకా రేకులు కొట్టే షెడ్డులో నాలుగు రేకులు దొరకలేదా? లామినేషన్‌కి డబ్బులు దొరికాయి, బిస్కెట్లకి దొరికాయి. చూపుడు వేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 14 శాతం నష్టం, మధ్య వేలికి 12, ఉంగరపు వేలికి 7, బొటనవేలికి 30 అని 1923 నాటి పరిహారాల చట్టంలో షెడ్యూలుండేది. అంటే వేళ్లు పోతూనే ఉంటాయని వందేళ్ల కిందటే అందరికీ తెలుసు. తెలిసి తెలిసి, ఇంటికి డబ్బు పంపడానికి వచ్చిన పిల్లాడి చెయ్యి ఆ డై కింద పెట్టించి, ఎదురుగా "అవకాశం 1" అని రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి?

వచ్చాయి లెండి. వాళ్ల చేతులు కీబోర్డు మీద ఉన్నాయి.

కాగితంలో చివరి గడి పేరు "బాధ్యుడు". అక్కడ ఓనరు పేరు లేదు, కన్సల్టెంటు పేరు లేదు. "ఆపరేటర్" అని ఉంది. చదివి అర్థం చేసుకున్నానని అతని చేత సంతకం పెట్టించారు. సంతకం రాని వాళ్లకి బొటనవేలి ముద్ర. ఉన్నప్పుడే వేయించుకోవాలి కదా.