లైబ్రరీ మాస్టర్స్ పట్టా గారి సముఖానికి

మహారాజశ్రీ అమెరికా లైబ్రరీ సైన్స్ మాస్టర్స్ పట్టా గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ కౌంటర్ వెనుక మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. పైఅంతస్తు గదుల్లో, అద్దాల ఫ్రేముల్లో వెలిగిపోతూనే ఉన్నారు. తమరు చేతిలో లేనిదే ఇక్కడ ఎవరూ లైబ్రరియన్ అనిపించుకోలేరు కదా.

తమరి వంశచరిత్ర కొంత చదివాను. 1887లో మెల్విల్ డ్యూయీ కొలంబియా కాలేజీలో లైబ్రరీ పాఠశాల తెరిచారు. ఏ పుస్తకం ఏ అరలో ఉండాలో అంకెలు వేసి తేల్చిన ఆ పెద్దమనిషే, తన లేక్ ప్లాసిడ్ క్లబ్బులో యూదులకూ నల్లజాతివారికీ చోటు లేదని కూడా తేల్చారు. అంతా పద్ధతి ప్రకారమే. 1923లో లైబ్రరీ చదువుల మీద విలియమ్సన్ నివేదిక వచ్చింది. లైబ్రరియన్ పని వేరు, గుమాస్తా పని వేరు అని గీత గీసి, పైమెట్టు ఎక్కాలంటే ముందు కాలేజీ డిగ్రీ ఉండాలంది. అమెరికా దక్షిణాదిన నల్లవారిని చాలా కాలేజీలు గుమ్మం కూడా తొక్కనివ్వని రోజులవి. గీత ఎవరి రంగూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పనేముంది?

నల్లజాతి విద్యార్థుల కోసం 1925లో హాంప్టన్‌లో ఒక లైబ్రరీ పాఠశాల పెట్టారు, 1939లో మూసేశారు. 1941లో అట్లాంటాలో పెట్టినదీ 2005లో మూతపడింది. ఇప్పుడు ఇంటర్వ్యూ బోర్డులు "అర్హులు దొరకడం లేదండీ" అని వాపోతుంటే నాకూ కడుపు తరుక్కుపోతోంది.

తమరి దర్శనానికి ముడుపులు గట్టివే. అప్పు చేయాలి, జీతం లేని ఇంటర్న్‌షిప్పు చేయాలి, పగలు పుస్తకాల బండి తోసి రాత్రి చదవాలి. ఇంత చేసి దర్శనమయ్యాక వచ్చే జీతం ఆ అప్పును చూసి సిగ్గుపడుతుంది. ఇంట్లో వెనకేసినది ఉన్నవారు మాత్రం దీన్ని 'వృత్తి మీద ప్రేమ' అంటారు.

మొన్న ఒక పెద్దాయన నిరుద్యోగ భృతి దరఖాస్తుతో వచ్చారు. ఈమెయిలు పాస్‌వర్డ్ గుర్తులేదు, కళ్లజోడు తేలేదు. మా సహోద్యోగిని ఒక్కో గడీ చదివి వినిపిస్తూ నింపించింది. ఆమె నల్లజాతి స్త్రీ, ఏళ్ల తరబడి ఆ కుర్చీలోనే ఉంది. ఆయన లేస్తూ "చాలా థాంక్స్, లైబ్రరియన్ గారూ" అన్నారు. ఈమధ్యే తమరిని సంపాదించుకుని వచ్చిన పర్యవేక్షకురాలు పక్కనే ఉంది. "ఈమె లైబ్రరియన్ కాదండీ, అసిస్టెంట్" అని చిరునవ్వుతో సరిదిద్దింది. ఆ వెంటనే, ప్రింటర్‌లో కాగితం ఎక్కడ ఇరుక్కుందో చూసిపెట్టమని ఆమెనే అడిగింది.

అన్నీ దాటి తమరిని చేరుకున్న ఒక్కగానొక్క నల్లజాతి లైబ్రరియన్‌కు మర్యాదలకేం తక్కువ లేదు. వైవిధ్య కమిటీలో ఆయనే, ఫిబ్రవరిలో నల్లజాతి చరిత్ర ప్రదర్శన పెట్టేదీ ఆయనే, కరపత్రం మీద ఫోటో సరేసరి. ప్రమోషన్ మాట వచ్చినప్పుడు మాత్రం "ఇంకా మనలో కలవాలి" అంటారు. ఎందులో కలవాలో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

వచ్చే గురువారం మా లైబ్రరీలో సిబ్బంది వైవిధ్యం ఎలా పెంచాలనే దానిపై సమావేశం ఉంది. తమరు ఉన్నవారికే ఆహ్వానం. వాళ్లు చర్చించుకునే రెండు గంటలూ కౌంటర్ చూసుకోమని మాకు చెప్పారు.

ఇట్లు,
తమరి విధేయురాలు,
ఒక లైబ్రరీ అసిస్టెంట్