ఒకే ప్రొఫైలును రెండు సిస్టమ్‌లు పంచుకోవచ్చా?

చిక్కడపల్లిలో ఒక ఇంట్లో అక్కాతమ్ముళ్ల మధ్య నడిచిన వాదన ఇది. తమ్ముడి ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు అనే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఉన్నాయి. పగలు ఆడిటర్ ఆఫీసు పనికి విండోస్, రాత్రి కాలేజీ ప్రాజెక్టుకు ఉబుంటు. బ్రౌజరు ఫైర్‌ఫాక్స్, మెయిలు ప్రోగ్రాము థండర్‌బర్డ్ తమ సెట్టింగులు, బుక్‌మార్కులు, మెయిళ్లు దాచుకునే ఫోల్డర్లను, అంటే ప్రొఫైళ్లను, డీ డ్రైవులో పెట్టి రెండు వైపుల నుంచీ వాడుకోవాలని అతని పట్టుదల. అక్క మాదాపూర్‌లో డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగి. అంటే, వద్దని చెప్పడమే ఆమె వృత్తి.

తమ్ముడు: మనిషిని ఒక్కడినే, మెషీనూ ఒక్కటే. బుక్‌మార్కులు, మెయిళ్లు మాత్రం రెండు చోట్ల ఎందుకక్కా? ప్రొఫైలు ఎక్కడుందో చెప్పే ప్రొఫైల్స్ ఐఎన్ఐ ఫైలులో దారి మార్చితే చాలు, రెండూ ఒకే ఫోల్డరును చూస్తాయి.

అక్క: చూస్తాయి. చూసిన తరువాత ఏం చేస్తాయన్నదే నా బెంగ.

తమ్ముడు: ఏం చేస్తాయి? బుక్‌మార్కులు ఉండేది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైలులో. ఏ సిస్టమ్‌లో రాసినా దాని రూపం ఒక్కటే. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా డేటా భద్రపరచడానికి సిఫారసు చేసే రూపాల్లో దాన్ని చేర్చింది. ఇంకేం కావాలి?

అక్క: నువ్వు మూసి ఉన్న ఫైలు గురించి చెబుతున్నావు, నేను తెరిచి ఉన్న ఫైలు గురించి అడుగుతున్నాను. ఫైర్‌ఫాక్స్ నడుస్తున్నప్పుడు కొత్తగా రాసినవి ముందు పక్కనే ఉండే 'వాల్' ఫైలులో చేరతాయి, తరువాతే అసలు ఫైలులోకి వెళ్తాయి. మధ్యలో అసలు ఫైలును మాత్రం తీసుకుంటే తాజాగా రాసినవి పోయినట్టే.

తమ్ముడు: రెండు సిస్టమ్‌లు ఒకేసారి నడవవు కదా! ఒకటి ఆగితేనే రెండోది లేస్తుంది.

అక్క: ఆగుతుందని ఎవరన్నారు? విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. నువ్వు షట్‌డౌన్ నొక్కితే అది షట్టరు సగం దించి లోపలే కూర్చున్న దుకాణదారులా ఉంటుంది. సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ స్థితిని డిస్కులో దాచుకుంటుంది, డీ డ్రైవు ఇంకా తన చేతిలోనే ఉందనుకుంటుంది. అందుకే ఉబుంటు ఆ డ్రైవును చదవడానికి మాత్రమే ఇస్తుంది. బలవంతంగా రాయించావో, విండోస్ మళ్లీ లేచి తన పాత లెక్కలనే నమ్ముతుంది. ఇక థండర్‌బర్డ్ తెరిచి ఉండగానే హైబర్నేట్ చేస్తే, అంటే తెరిచినవన్నీ ఉన్నవున్నట్టు డిస్కులో దాచి ఆపేస్తే, చెప్పనే అక్కర్లేదు.

తమ్ముడు: పవర్ ఆప్షన్స్‌లో ఒక టిక్కు తీసేస్తే ఆ బెడద పోతుంది. హైబర్నేట్ జోలికి వెళ్లను.

అక్క: సరే, తీశావే అనుకుందాం. సెట్టింగుల మాట? విండోస్‌లో తెలుగు ఫాంటు గౌతమి అని పెట్టుకున్నావు, డౌన్‌లోడ్లు సీ డ్రైవులోకి వెళ్లాలన్నావు. ఉబుంటులో గౌతమీ లేదు, సీ డ్రైవూ లేదు.

తమ్ముడు: లోహిత్ ఫాంటుతో చదువుకుంటాను. అక్షరం కనబడితే చాలు.

అక్క: దాన్ని అక్కడ సరిచేస్తే ఇక్కడ చెడుతుంది. పైగా ఒక వైపు అప్‌డేట్ ముందే వచ్చిందనుకో. 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి, కొత్త ఫైర్‌ఫాక్స్ తెరిచిన ప్రొఫైలును పాతది తెరవనంటుంది. కొత్త ప్రొఫైలు పెట్టుకోమంటుంది. హాయిగా బుక్‌మార్కులను ఇంటర్నెట్ ద్వారా రెండు వైపులా ఒకేలా ఉంచే సింక్ పెట్టుకో, మెయిలుకు ఉత్తరాలను సర్వర్‌లోనే ఉంచే ఐమ్యాప్ వాడుకో.

తమ్ముడు: ఆడిటర్ గారి మెయిలు పాప్ పద్ధతిలో వస్తుంది. దించుకోగానే సర్వర్‌లో తుడిచేస్తారు. పాత ఉత్తరాలన్నీ ఈ డిస్కులోనే ఉన్నాయి. ఇప్పుడు చెప్పు.

అక్క: (కాసేపు ఆగి) అయితే ఉత్తరాల ఫోల్డరును మాత్రం పంచుకో. థండర్‌బర్డ్ ఉత్తరాలను దాచే ఎంబాక్స్ ఫైలు ఉత్త టెక్స్టే, దాని సూచిక ఫైలు పాడైనా థండర్‌బర్డ్ మళ్లీ కట్టుకుంటుంది. ప్రొఫైళ్లు మాత్రం ఎవరివి వాళ్లకే.

తమ్ముడు: అంటే పంచుకోవచ్చని ఒప్పుకున్నట్టే!

అక్క: పంచుకోమన్నది ఉత్తరాలను, అలవాట్లను కాదు.

తమ్ముడు: మరి చిరునామాల పుస్తకం? అది ప్రొఫైలులోనే ఉంటుంది, అదీ ఎస్‌క్యూలైటే. క్లయింట్ల నంబర్లు వారం వారం మారుతుంటాయి.

అక్క: చిరునామాలను పంచుకోవడానికి ఉన్న కార్డ్‌డావ్ సర్వర్‌లో పెట్టు. థండర్‌బర్డ్ దానికి నేరుగా కలుస్తుంది.

తమ్ముడు: క్లయింట్ల వివరాలు బయటి సర్వర్‌లో పెడతానంటే ఆడిటర్ గారు నన్నే బయట పెడతారు.

అక్క: అయితే దానికి ఎక్స్‌పోర్టే గతి. నంబరు మార్చిన రోజున ఫైలు తీసి ఇటు తెచ్చుకో.

తమ్ముడు: మార్చిన ప్రతిసారీనా?

అక్క: ప్రతిసారీ.