మా పెరట్లోని పూల్ కేజ్ గారికి

మహారాజశ్రీ పూల్ కేజ్ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. ఈతకొలను మీద అల్యూమినియం చట్రమూ జాలీతో గదిలా నిలబడ్డ మీ క్షేమం వంటింటి కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది గానీ, ఉత్తరమన్నాక అడగాలి కాబట్టి అడుగుతున్నాను.

ఇంటి అప్పు మార్చుకునే రీఫైనాన్స్ కోసం బ్యాంకు పంపిన అప్రైజర్, అంటే ఇంటికి వెలకట్టేవాడు, పోయిన మంగళవారం వచ్చాడు. పన్నెండింటికి అన్నవాడు మూడున్నరకి దిగాడు. నా సెలవు రోజు పోయింది, పోనీ. పడగ్గదులన్నీ గబగబా చూపించేసి నేరుగా మీ దగ్గరికే తీసుకొచ్చాను. పెళ్ళిచూపుల్లో అమ్మాయి చదువూ సంగీతమూ ఏకరువు పెట్టినట్టు మీ కంచురంగు అల్యూమినియం, కాంక్రీటులో దిగిన యాంకర్లు, ఇంజనీరు ముద్ర వేసిన డ్రాయింగులు అన్నీ వర్ణించాను. ఆయన రెండు ఫొటోలు తీసుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఇవాళ రిపోర్టు వచ్చింది. మీ ఖరీదు మూడు వేల డాలర్లట.

మీకు నేను పోసింది పద్నాలుగు వేలు.

లోన్ ఆఫీసర్‌కి ఫోన్ చేశాను. "ఖర్చు వేరు, విలువ వేరండీ" అన్నాడు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. మా వీధిలో పూల్ ఉన్న ప్రతి ఇంటికీ కేజ్ ఉందట. ఉన్నందుకు ఎవరూ పైసా ఎక్కువివ్వరు, లేకపోతే మాత్రం బేరంలో కోస్తారట. అంటే మీరు పెళ్ళి శుభలేఖ లాంటివారన్నమాట. ఇచ్చినందుకు ఎవరూ మెచ్చుకోరు, ఇవ్వకపోతే పదేళ్ళు అలుగుతారు.

సరే, మార్కెట్ తీరే అంత అనుకుంటాను. కానీ ఒక్క ముక్క తేల్చండి. మీరు మా ఇంట్లో భాగమా, కాదా?

కౌంటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంటు లెక్కలో భాగమే. పర్మిట్ లేకుండా మీ కాలు నేల మీద పెట్టనివ్వలేదు. కాలనీ అసోసియేషన్ లెక్కలోనూ భాగమే. తెల్లరంగు వేయిస్తానంటే ఇంటికి నప్పదని కుదరదన్నారు. ఆస్తిపన్ను వాళ్ళయితే మరీ ప్రేమగా, మిమ్మల్ని కట్టించిన మరుసటి జనవరికల్లా 'ఎక్స్‌ట్రా ఫీచర్స్' వరుసలో మీ పేరెక్కించారు, చదరపు అడుగులతో సహా. ఇక ఇన్సూరెన్స్ పాలసీ తీసి చూశాను. లోపలెక్కడో, చీమల బారు లాంటి అక్షరాల్లో, తుపాను గాలికి స్క్రీన్ ఎన్‌క్లోజర్‌కి (అంటే మీకే) జరిగే నష్టంతో మాకు సంబంధం లేదని రాసి ఉంది. కావాలంటే వేరే ప్రీమియం కట్టుకోవాలట. పోనీ కడదామా అంటే, హరికేన్ డిడక్టబుల్, అంటే తుపాను నష్టంలో ముందు నేనే భరించాల్సిన వాటా, నా పాలసీలో ఇంటి బీమా మొత్తానికి రెండు శాతం. నాలుగు లక్షల డాలర్లకి బీమా చేసిన ఇంటికి మొదటి ఎనిమిది వేలు నా జేబులోంచే పోవాలి. నీ చిరుగులన్నీ ఆ ఎనిమిది వేల లోపలే కదా!

చూశావా, మర్యాద జారిపోయింది. జారనీ. పన్ను వసూలు చేసేటప్పుడు సొంత కొడుకువి, పరిహారం అడిగితే పక్కింటి కుర్రాడివా? తీసుకునేవాళ్ళందరి పుస్తకాల్లోనూ నువ్వున్నావు. ఇచ్చేవాడి పుస్తకంలోనే లేవు. బ్యాంకు పుస్తకంలో ఉన్నావు, తగ్గింపు ధరకి.

2024 అక్టోబర్ 9 గుర్తుందా? మిల్టన్ తుపాను వస్తోందని ఫ్లోరిడాలోని టాంపా చుట్టుపక్కలంతా ఖాళీ అవుతోంది. ఒక కాంట్రాక్టరేమో "జాలీ కోసెయ్యండి, గాలి అటునుంచిటు పోతే ఫ్రేము దక్కుతుంది" అన్నాడు. ఇంకొకడు "చచ్చినా ముట్టుకోవద్దు" అన్నాడు. ఆ జాలీ బిగించడానికి డబ్బు కట్టింది నేను, దాన్ని కోయడానికి కత్తి పట్టుకుని నిచ్చెన కింద గంటసేపు నిలబడిందీ నేనే. చెయ్యి రాలేదు. రాత్రి తుపాను సియెస్టా కీ అనే దీవి దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే తొమ్మిది ప్యానెళ్ళు ఎగిరిపోయాయి. జాలీని గాడిలో నొక్కిపెట్టే ఆ నల్ల రబ్బరు తాడు, స్ప్లైన్, ఊడొచ్చి పైజమా బొందులా నీళ్ళదాకా వేలాడుతోంది. ఫ్రేము మాత్రం నిలిచింది. 2022లో ఇయన్ తుపాను వచ్చినప్పుడు ఫోర్ట్ మయర్స్ వైపు నీ చుట్టాలు తిరగబడ్డ గొడుగుల్లా పూల్‌లోకి కూలాయి. నువ్వు కూలలేదు, ఒప్పుకుంటున్నాను. ఆ తొమ్మిదింటికీ పద్దెనిమిది వందలు. ఎవరు కట్టారో వేరే చెప్పాలా?

ఇంకా ఉన్నాయి. అంగుళానికి ఇటు పద్దెనిమిది, అటు పద్నాలుగు పోగులతో నేసిన నీ జాలీలో దోమ పట్టదు, నిజమే. కానీ 'నో సీ అమ్' అని కంటికి ఆనని పురుగొకటుంది, అది దర్జాగా దూరి మరీ కుడుతుంది. దానికి ఇంకా సన్నటి జాలీ కావాలట, ఇంకా ఎక్కువ ధరట. నీడపడే వైపు నీకు నాచు పడుతుంది, దాన్ని రుద్దేదీ నేనే. ఇక ఆ కప్ప. మూడు వైపులా జాలీ, పైన జాలీ, ఒక వైపు ఇల్లు. అది ఎక్కణ్ణుంచి వస్తోందయ్యా?

మా అమ్మ ఇండియా నుంచి వచ్చి, మొదటిరోజు నిన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఇంత దోమతెర కట్టించావు, మంచమేదిరా?" అంది. ఇప్పుడు ఆవిడే రోజూ సాయంత్రం ఆరింటికి కుర్చీ వేసుకుని నీ కిందే కూర్చుంటోంది. సెప్టెంబర్లో లవ్ బగ్స్ అనే పురుగులు నీ బయటివైపు నల్లగా అతుక్కుంటే, లోపల కాఫీ తాగుతూ వాటిని వెక్కిరిస్తోంది. వెనక చెరువులో మొసలి తేలిన రోజున కూడా కుర్చీ కదల్లేదు.

పోయిన నెల పక్కింటి మూడేళ్ళ పిల్ల బంతి వెంట పరిగెత్తుకొచ్చి నీ తలుపు తోసింది. నీ తలుపు బయటికే తెరుచుకుంటుంది కాబట్టి తోస్తే కదల్లేదు. గొళ్ళెం అందలేదు. రెండు చేతులూ జాలీకి ఆనించి, నీళ్ళవైపు చూస్తూ నిలబడింది, వాళ్ళమ్మ వచ్చేదాకా. ఆ సాయంత్రం నాచు గురించి నిన్ను ఒక్క మాటా అనలేదు నేను.

ఇట్లు,
నీ పన్ను కడుతున్నవాడు

తా.క.: కప్ప మళ్ళీ వచ్చింది. నీళ్ళ మీది చెత్త లాగే స్కిమ్మర్ మూత మీద కూర్చుని నన్నే చూస్తోంది. అప్రైజర్ ఫొటోలో కూడా ఉంది, ఇప్పుడే గమనించాను.