ఏడు రోడ్ల జంక్షన్ ఫ్లెక్సీ గారికి బహిరంగ లేఖ

శ్రీ శ్రీ శ్రీ సైబర్ అవగాహన ఫ్లెక్సీ గారికి,
ఏడు రోడ్ల జంక్షన్, శ్రీకాకుళం.

ఆర్యా,

మీ దర్శనమైంది. ఎడమవైపు ఇద్దరు పెద్దలు, కుడివైపు ముగ్గురు, నడుమ దండం పెడుతూ ఇంకొకాయన. వాళ్లందరూ సర్దుకుని కూర్చున్నాక మిగిలిన జానెడు చోటులో 'తెలియని లింకులు నొక్కకండి' అన్న ముక్క, దాని కింద సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరు. ఎదురుగా చెరకు రసం బండి పెడతారు కాబట్టి మధ్యాహ్నం పూట 19 వరకే కనిపిస్తుంది. డబ్బు పోయినవాడు ఎంత తొందరగా ఫోన్ చేస్తే, ఆ డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపించే అవకాశం అంత ఎక్కువ కదా. ఆ తొందరలో మిగతా రెండంకెలు బండివాడిని అడగాలి. రసం తాగకుండా అడిగితే ఏం బాగుంటుంది?

మీ అన్నగారు కూడా మాకు తెలుసు. 2021లో ఈ హెల్ప్‌లైన్ మొదలైనప్పుడు నంబరు 155260. తర్వాత అది 1930 అయింది. పాత నంబరుతో ఆయన ఇప్పటికీ మా ఊళ్లో ఒక పశువుల సాల మీద వర్షం ఆపుతున్నారు. మీ వంశంలో జనానికి పనికొచ్చింది ఆయనొక్కరే అని నా అభిప్రాయం. తప్పుగా అనుకోకండి.

ర్యాలీ కూడా చూశాం. ఎనిమిదో తరగతి పిల్లలు ఎండలో ప్లకార్డులు పట్టుకుని 'ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు' అని అరుచుకుంటూ పోయారు. ఓటీపీ వచ్చే ఫోను ఇంట్లో నాయనమ్మ దగ్గర ఉంది. పిల్లలు డే అండ్ నైట్ జంక్షన్ చేరేసరికి, 'కేవైసీ ఆగిపోయిందమ్మా, నంబరొచ్చింది చూడండి' అని ఎవరో మర్యాదగా అడుగుతుంటే ఆవిడ కళ్లజోడు వెతుక్కుంటోంది.

మీ పోటీదారు వదంతి గారి పనితనం చూడండి. 2018 మే నెలలో ఆంధ్రా, తెలంగాణ అంతటా తిరిగారాయన. బొమ్మల్లేవు, ముఖ్య అతిథి లేడు, శాలువా లేదు. మేనత్త గొంతుతో వచ్చారు. 'ఓలమ్మా, పిల్లల్ని ఎత్తుకుపోయే పార్థీ గ్యాంగు దిగిందట, గుంటల్ని బయటికి పంపకండర్రా' అన్నారు. అంతే, ఊళ్లు కర్రలు పట్టుకుని రాత్రంతా కాపలా కాశాయి. మీరేమో 'పౌరులు సామాజిక మాధ్యమాలను బాధ్యతాయుతంగా వినియోగించుకోవలసిందిగా విజ్ఞప్తి' అంటారు. మా ఇంట్లో పౌరులెవరూ లేరండీ. అత్త, బావ, చిన్నాన్న ఉన్నారు.

నవ్వులాట కాదిది. ఆ ఏడు జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లన్న అనుమానంతో అయిదుగురిని కొట్టి చంపారు. అంతకు మూడు రోజుల ముందు త్రిపురలో, వదంతులు నమ్మొద్దని ప్రభుత్వం తరఫున మైకులో చెప్పడానికి వెళ్లిన మనిషినే చంపేశారు. ఆయన చెప్పబోయింది మీ మాటే. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డుని అయిదు చాట్లకి కుదించింది. 2020 ఏప్రిల్‌లో, బాగా తిరిగిన మెసేజీని ఒకసారికి ఒక్క చాట్‌కే అంది. మనవాళ్లు కాపీ చేసి పేస్ట్ చేయడం నేర్చుకున్నారు.

మీ దగ్గరున్నవన్నీ 'వద్దు'లే. నొక్కొద్దు, నమ్మొద్దు, చెప్పొద్దు. ఎవరు పంపారు, వాడికెలా తెలుసు, ఇందులో వాడికేం లాభం అని అడగమని ఒక్క ముక్క లేదు. పోలీసులమంటూ వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్టు' అన్నది చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధాని రేడియోలో చెప్పారు. అయినా వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా గద్దిస్తే మన రిటైర్డు మాస్టార్లు లేచి నిలబడి 'సార్' అంటున్నారు. మరి ఖాకీని, సంతకాన్ని, సీలుని ఎదురు ప్రశ్న వేయొచ్చని వాళ్లకి ఎప్పుడు నేర్పాం? మీకు ఇబ్బందే లెండి. అడగడం అలవాటైతే జనం ముందు మీ మీద అన్ని బొమ్మలెందుకని అడుగుతారు.

ఆ గద్దించేవాళ్లలోనూ మన పిల్లలుండొచ్చు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన సంగతి గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి ఉత్తరాంధ్ర కుర్రాళ్లను కంబోడియా పంపి, అక్కడ నిర్బంధించి సైబర్ మోసాలు చేయించారు. వలస పోవడం మనకి కొత్త కాదు కాబట్టి విదేశంలో ఉద్యోగమంటే సంబరపడతాం. ఏజెంటుని నాలుగు ప్రశ్నలు అడగడానికి మాత్రం మొహమాటం.

కాబట్టి మనవి. మీ మీద ఒక బొమ్మ తగ్గించి నంబరు పెంచండి. ర్యాలీ పింఛన్ల రోజున పెట్టండి, పిల్లల్ని బడికి పంపేయండి. మైకు ఆశా కార్యకర్తకో రేషను షాపు దగ్గర నోరున్న ఆడమనిషికో ఇవ్వండి. 'ఎవడే ఆడు? ఆడి మాట నువ్వెందుకినాలి?' అని ఆవిడ ఒక్కసారి అడిగితే చాలు.

ఇట్లు,
మీ నీడలో స్కూటర్ పెట్టుకునే ఒక శ్రీకాకుళం వాసి

తా.క. మీ ఫొటో మా కాలనీ గ్రూపులోకి వచ్చింది. 'అనేకసార్లు ఫార్వర్డ్ చేయబడింది' అని పైన గుర్తుంది. కింద ఇలా రాసి ఉంది: 'ఈ 1930 నంబరుకి ఫోన్ చేస్తే ఖాతా ఖాళీ అవుతుందట. వెంటనే పది గ్రూపులకి పంపండి.' అది అబద్ధమని చెప్పడానికి తమరు ఇంకో ఫ్లెక్సీ వేయించుకోవాలి. ముఖ్య అతిథిని ఇప్పుడే చూసుకోండి, పెళ్లిళ్ల సీజన్లో దొరకరు.