వార్డులో ఒకటో ప్రమాద హెచ్చరిక

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే ఒకటో ప్రమాద హెచ్చరిక. 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరదల రోజుల్లో ఈ అంకెలు డెల్టాలో బడిపిల్లల నోట కూడా వినిపిస్తాయి. ఏ హెచ్చరికకు ఎవరు కదలాలో, ఏ లంకకు పడవలు పంపాలో ముందే అనుకుని ఉంటారు. ‘కాస్త చూద్దాం, పొద్దున్నే ఇంజనీరు గారు వస్తారుగా’ అని అనరు. ఆస్పత్రి మంచం మీద మనిషి దిగజారిపోతున్నప్పుడు మాత్రం సరిగ్గా ఈ మాటే వినిపిస్తోంది.

అర్ధరాత్రి దాటిన మగవాళ్ల వార్డు. మంచం పక్కన చాప మీద నడుం వాల్చిన భార్య లేచి చూస్తుంది. సాయంత్రం కాఫీ అడిగి తాగిన మనిషి ఇప్పుడు దుప్పటి పీకుతూ ఏదో గొణుగుతున్నాడు. అరికాళ్లు చల్లబడ్డాయి. చీకటి పడ్డప్పటి నుంచీ ఒంటేలుకు లేవలేదు. ‘సిస్టర్ గారూ, ఈయన తేడాగా ఉన్నారండి, ఏదో గొణుగుతున్నారండి’ అంటుంది. ‘ఇందాకే బీపీ చూశానమ్మా, బానే ఉంది. నిద్ర పట్టక అలా చేస్తారు. పొద్దున రౌండ్స్‌లో డాక్టరు గారికి చెబుదురుగాని.’ రెండోసారి వెళ్లడానికి ఆమెకు మొహమాటం. మూడోసారి వెళ్లదు. తెల్లవారుజామున ఒక్కసారిగా హడావిడి, ఆపైన ‘పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపోండి’ అన్న మాట. యానాం వంతెన మీదుగా కాకినాడకు పరుగులు తీసే అంబులెన్సుల్లో ఇలాంటి రాత్రి గడిపి బయల్దేరినవి ఎన్నో ఎవరూ లెక్క రాయరు.

ఆ నర్సును దోషిగా నిలబెట్టడం తేలిక. కానీ వార్డంతటికీ ఒకరో ఇద్దరో ఉండే రాత్రి డ్యూటీలో, రెండు గంటలకు ఫోన్ చేస్తే ‘ఈ మాత్రానికి నిద్ర లేపాలా’ అని కసిరే పెద్దలున్న చోట ఆమె మాత్రం ఏం చేస్తుంది? మంచానికి వేలాడే కేస్ షీట్ తిరగేస్తే జబ్బు ఎక్కడుందో కొంత తెలుస్తుంది. శ్వాస గడిలో 18, 18, 20, 18. రొప్పుతున్నవాడికీ అదే, గురకపెట్టి నిద్రపోతున్నవాడికీ అదే. నిమిషం పాటు ఛాతీ వంక చూస్తూ లెక్కపెట్టే తీరిక ఎవరికీ లేదు. మనిషి దిగజారుతున్నాడని చాలాసార్లు ముందుగా చెప్పేది ఆ అంకే.

ఇది ఇక్కడికే పరిమితమైన రోగం కాదు. 1990లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం, ఆస్పత్రిలో ఉండగా గుండె ఆగిన 64 మంది కేస్ షీట్లు చూసింది. అంతకు ముందు ఎనిమిది గంటల్లోనే 84 శాతం మందిలో పరిస్థితి దిగజారిన ఆనవాళ్లు కాగితం మీదే ఉన్నాయి. నీరు పెరుగుతున్నట్టు కొలబద్ద చెప్పింది, గేటు దగ్గరే మనిషి లేడు.

బ్రిటన్ వైద్యులు 2012లో దీనికో కొలబద్ద తయారుచేసి, 2017లో సవరించారు. శ్వాస, రక్తంలో ఆక్సిజన్, బీపీ, నాడి, జ్వరం, స్పృహ చూస్తారు. ఆక్సిజన్ పెట్టారా లేదా అన్నదీ లెక్కలోకి వస్తుంది. ఒక్కోదానికి మార్కులు వేసి కూడితే 5కి చేరగానే డాక్టరు వెంటనే రావాలి, 7కి చేరితే అత్యవసర బృందమే రావాలి. మనిషి కొత్తగా తికమకగా మాట్లాడితే ఆ ఒక్కదానికే 3 మార్కులు; మొత్తం 5 కాకపోయినా, ఏ ఒక్కదానికి 3 పడినా డాక్టరుకు చెప్పాల్సిందే. అంటే ‘ఏదో గొణుగుతున్నారండి’ అని ఆ భార్య చెప్పిన ముక్కే డాక్టరును లేపడానికి సరిపోయేది. దీనికి కోట్ల యంత్రాలేమీ అక్కర్లేదు. సెకన్ల ముల్లున్న గడియారం, బీపీ పట్టీ, థర్మామీటరు, వేలికి తొడిగే ఆక్సీమీటరు ఉంటే చాలు.

మిగిలింది ఇంటివాళ్ల సంగతి. ఇంగ్లండ్‌కు చెందిన మార్తా మిల్స్ అనే 13 ఏళ్ల అమ్మాయి సైకిల్ మీంచి పడి, క్లోమానికి దెబ్బ తగిలి 2021లో ఆస్పత్రిలో చనిపోయింది. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతుంటే తల్లిదండ్రులు మొత్తుకుంటూనే ఉన్నారు. ముందే ఐసీయూకి మార్చి ఉంటే బతికే అవకాశమే ఎక్కువని మరణ విచారణలో తేలింది. 2024 నుంచి అక్కడి ఆస్పత్రులు ‘మార్తా రూల్’ అమలు మొదలుపెట్టాయి. ఇంటివాళ్లు ఏ వేళప్పుడైనా నేరుగా ఫోన్ చేస్తే వేరే బృందం వచ్చి రోగిని చూస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2013లోనే ఆ పని చేసింది. ముందు నర్సుకో డాక్టరుకో చెప్పాలి, వినకపోతే ఇన్‌ఛార్జి నర్సుకు, అప్పటికీ తృప్తి లేకపోతే ఫోన్. అచ్చంగా మన మూడు హెచ్చరికలే.

‘ప్రతివాడూ ప్రతిదానికీ ఫోన్ చేస్తాడు’ అని మన వైద్యులు అంటారు, తెలుసు. ఏటిగట్టుకు బుంగ పడిందని పరుగెత్తుకొచ్చిన రైతును ‘నువ్వేమైనా ఇంజనీరువా’ అని అడుగుతామా? లాంతరు పట్టుకుని వెళ్లి చూస్తాం. పందికొక్కు బొరియే అయితే తిరిగొస్తాం.

ఇంటివాళ్లూ తక్కువ తినలేదు. నీరసంగా ఉన్నాడని మగతలో ఉన్నవాడి నోట్లో కొబ్బరినీళ్లు పోయడం, అన్నం పెట్టడానికి ఆక్సిజన్ మాస్కు లాగేయడం, ఐసీయూకి మార్చాలంటే కువైట్‌లో ఉన్న పెద్దబ్బాయి ఫోన్ ఎత్తేదాకా సంతకం పెట్టకపోవడం మన దగ్గర కొత్తేం కాదు. ఇక ప్రాణం పోయాక అద్దాలు పగలగొట్టడం క్షమించరానిది. దాని మీద 2008లోనే చట్టం వచ్చింది. దాడి చేస్తే జైలేనన్న బోర్డు చాలా ఆస్పత్రుల గుమ్మంలో కనిపిస్తుంది. ఉండాల్సిందే. ‘మీ మనిషి తేడాగా అనిపిస్తే రాత్రి రెండు గంటలకైనా ఈ నంబరుకు చేయండి’ అన్న బోర్డు దాని పక్కన మాకు ఎక్కడా కనిపించలేదు.

కాకినాడ, రాజమహేంద్రవరం సర్వజన ఆస్పత్రుల నుంచి అమలాపురం ఏరియా ఆస్పత్రి దాకా, భీమవరం, పాలకొల్లు, తణుకు నర్సింగ్‌హోముల దాకా ఆ రెండో బోర్డు పెట్టించాల్సింది ప్రభుత్వమే. ఫోన్ ఎత్తేది అదే వార్డు డాక్టరు కాకూడదు. ఫోన్ చేసిన నర్సుకు చీవాట్లు పడకూడదు.

ఏటా వరదల కాలంలో కంట్రోల్ రూం నంబర్లు ఈ పత్రికలో అచ్చు వేస్తూనే ఉన్నాం. ఆస్పత్రులు తమ నంబరు ఇస్తే, వానాకాలం ఎండాకాలం అని చూడకుండా, పైసా తీసుకోకుండా అదే చోట రోజూ వేస్తాం.