రంజాన్ నెలలో దుబాయ్: తెర తొలగించాక యాత్రికుడి బాధ్యత

2021 ఏప్రిల్‌లో దుబాయ్ ఆర్థికాభివృద్ధి శాఖ అక్కడి రెస్టారెంట్లకు ఒక ఉత్తర్వు పంపింది. రంజాన్ నెలలో పగటిపూట భోజనశాలలకు అడ్డుగా తెరలు కట్టాలన్న పాత నిబంధన ఇక వర్తించదని, పగలు వడ్డించడానికి ప్రత్యేక అనుమతి కూడా అక్కర్లేదని అందులో ఉంది. అంతకుముందు ఎక్కడ తినవచ్చో, ఎక్కడ తినకూడదో పర్యాటకుడికి ఆ తెరే చెప్పేది. ఇప్పుడు అది చాలావరకు అతని విచక్షణకు వదిలిన విషయం. మన ట్రావెల్ ప్రకటనలు, యూట్యూబ్ వీడియోలు మాత్రం ఈ మార్పును ‘రంజాన్‌లో కూడా దుబాయ్‌లో ఏ ఇబ్బందీ ఉండదు’ అన్న ఒక్క మాటకు కుదించేస్తున్నాయి. ఇబ్బంది ఎవరికి అన్న ప్రశ్న ఆ మాటలో లేదు.

ముందు చట్టం సంగతి. గల్ఫ్ అంతటా ఒకటే పద్ధతి అనుకోవడం పొరపాటు. దుబాయ్‌ని ఆనుకుని ఉన్న షార్జాలోనే రంజాన్ పగళ్లలో ఆహారం తయారుచేసి అమ్మాలంటే పురపాలక సంస్థ అనుమతి తీసుకోవాలి. కువైట్‌లో 1968 నాటి చట్టం ప్రకారం ఉపవాస వేళల్లో బహిరంగంగా తినడం, తాగడం నేరం. దానికి 100 దినార్ల వరకు జరిమానా, నెల వరకు జైలు పడవచ్చు. ఒమన్‌లోనూ ఇది శిక్షార్హమే. గల్ఫ్ బయట, టర్కీలోని ఇస్తాంబుల్‌లో అయితే అలాంటి చట్టమే లేదు. ఒకే టికెట్ మీద రెండు మూడు చోట్లు చుట్టి వచ్చేవారు ఈ తేడాలు తెలుసుకునే బయలుదేరాలి.

అయితే చట్టం ఊరుకున్నంత మాత్రాన మర్యాద తీరిపోదు. రోజా (ఉపవాసం) ఉన్నవారు తెల్లవారుజాము నుంచి మగ్రిబ్ (సూర్యాస్తమయ ప్రార్థన వేళ) వరకు అన్నమే కాదు, మంచినీళ్లు కూడా ముట్టరు. 2016లో రంజాన్ జూన్‌లో వచ్చినప్పుడు దుబాయ్‌లో అది దాదాపు 15 గంటలు. ఇప్పుడు ఆ నెల చలికాలం వైపు జరగడంతో సుమారు 13 గంటలకు తగ్గింది. యూఏఈలో ఈ నెల ప్రైవేటు ఉద్యోగులందరికీ, ఏ మతం వారైనా, రోజుకు రెండు గంటల పని తగ్గిస్తారు. అక్కడ పనిచేసేవారిలో మన నిజామాబాద్, కరీంనగర్, కడప ప్రాంతాల నుంచి వెళ్లినవారూ ఉన్నారు. సంచులు మోసే మనిషి, గది శుభ్రం చేసే మనిషి, కారు నడిపే మనిషి రోజాలో ఉండి ఉండవచ్చని గుర్తుంచుకుంటే, టాక్సీలో కూర్చుని చిప్స్ ప్యాకెట్ విప్పకూడదని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నా దృష్టిలో అసలు పరీక్ష తినడం దగ్గర కాదు, మగ్రిబ్‌కు ముందు గంట దగ్గర. ఇళ్లకు చేరాలన్న తొందరలో రోడ్లు కిక్కిరిసిపోతాయి, టాక్సీలు దొరకవు, దొరికిన టాక్సీలో డ్రైవర్ పక్కన ఓ నీళ్ల సీసా, నాలుగు ఖర్జూరాలు సిద్ధంగా ఉంటాయి. అజాన్ (మసీదు నుంచి వచ్చే ప్రార్థన పిలుపు) వినిపించగానే ‘ఓ ఐదు నిమిషాలు కారు ఆపుకోండి, భాయ్’ అని మనమే ముందుగా అనడం అతనికి గొప్ప ఊరట, ఎందుకంటే కస్టమర్ ఫిర్యాదు చేస్తాడేమోనన్న భయంతో అతను నోరు తెరిచి అడగకపోవచ్చు. బుర్జ్ ఖలీఫా 124వ అంతస్తులో మనం సూర్యాస్తమయం ఫొటోలు తీసుకుంటాం. అంత ఎత్తున సూర్యుడు ఇంకాసేపు కనిపిస్తాడు కాబట్టి, 80వ అంతస్తు పైన ఉన్నవారు రెండు నిమిషాలు, 150వ అంతస్తు పైన ఉన్నవారు మూడు నిమిషాలు ఆలస్యంగా ఉపవాసం విరమించాలని దుబాయ్ మతపెద్దలు 2011లోనే చెప్పారు. రెండు నిమిషాలను కూడా అంత శ్రద్ధగా లెక్కపెట్టే మనిషిని సరిగ్గా ఆ వేళకే పరుగెత్తించడం అమర్యాద కాక మరేమిటి?

ఇఫ్తార్ విందుల విషయంలోనూ కొంత నిగ్రహం కావాలి. దుబాయ్‌లోని డేరా అనే ప్రాంతం లాంటి చోట్ల మసీదుల ముందు పొడవాటి ప్లాస్టిక్ పట్టాలు పరిచి, వరుసగా పళ్లేలు పెడతారు. మతం అడగరు, ఎవరొచ్చినా కూర్చోబెడతారు. అంత విశాలమైన ఆతిథ్యం చూసి మనసు నిండుతుంది, నిజమే. కానీ ఆ వరుసల్లో ఎక్కువమంది పగలంతా ఎండలో పనిచేసి వచ్చిన కూలీలు. రీల్ కోసం వారి మధ్య చోటు ఆక్రమించడం, ఖర్జూరం నోట పెట్టుకునే క్షణంలో వారి ముఖాల మీద ఫోన్ పెట్టడం తగని పని. తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్నవారికి వేరే దారి ఉంది: అల్ ఫహీదీ పాతబస్తీలోని షేక్ మొహమ్మద్ సాంస్కృతిక అవగాహన కేంద్రం సందర్శకుల కోసమే ఇఫ్తార్ ఏర్పాటు చేస్తుంది, మీ ప్రశ్నలకు ఓపికగా జవాబులూ చెబుతుంది.

ఈ చర్చ ఇప్పుడే అవసరం కావడానికి కారణం క్యాలెండర్. చాంద్రమాన సంవత్సరం చిన్నది కాబట్టి రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగానే వస్తుంది. 2025లో యూఏఈలో మార్చి 1న మొదలైన ఈ నెల, 2030 నాటికి జనవరి మొదటి వారానికి చేరుతుంది; అంటే మన సంక్రాంతి సెలవులు రంజాన్ మధ్యలో పడతాయి. అదే ఏడాది డిసెంబరు చివర్లో రంజాన్ మళ్లీ వస్తుంది. తెలుగు కుటుంబాలు పిల్లాపాపలతో దుబాయ్ విమానం ఎక్కే రోజులు సరిగ్గా అవే.

కాబట్టి ట్రావెల్ ఏజెంట్లు ఇప్పటినుంచే మాట్లాడటం నేర్చుకోవాలి. ఈ నెలలో హోటల్ ధరలు ఎందుకు తగ్గుతాయో, ఎడారి సఫారీల్లో బెల్లీ డ్యాన్స్ సాధారణంగా ఎందుకు ఉండదో డబ్బు కట్టించుకునే ముందే చెప్పాలి. అక్కడికి వెళ్లాక ‘ప్యాకేజీలో ఉన్నది చూపించలేదు’ అని గైడ్‌తో గొడవపడే పరిస్థితి రానివ్వకూడదు. మధ్యాహ్నం మూడు గంటలకు బయలుదేరే సఫారీ కారు మగ్రిబ్ వేళకు శిబిరం చేరుతుందో, దారిలోనే ఉంటుందో ముందే చూసుకుని, డ్రైవర్ ఉపవాసం విరమించడానికి పట్టే పావుగంటను షెడ్యూల్‌లోనే రాసి ఇవ్వాలి.